గోడ మీది మూడో వరుస

ఈ సంగతులు జరిగిన రోజుల్లోనే రాయవలసింది. రాయలేదు. బాధ ఎక్కువై కాదు, తీరిక లేకా కాదు. నాకప్పటికి అక్షరాలు రావు. యాభై ఒకటో ఏట, పక్కలో కుట్లతో మంచం మీద పడుకుని, మందుల పెట్టెల మీద అంటించిన చీటీలు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. అప్పటికి జరగాల్సిందంతా జరిగిపోయింది. ఆ రోజుల్లో నా గురించి కాగితాల మీద ఇతరులు రాశారు, నేను వేలిముద్ర వేశాను. వాళ్లేం రాశారో తెలుసుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది. నాలాంటి మనిషి ఇంకో ఇంట్లో ఉంటే, ఆవిడకి ఎవరైనా ఇది చదివి వినిపించాలని రాస్తున్నాను.

మాది గిరిసోల, ఆంధ్రా సరిహద్దు దాటగానే ఒడిశాలో ఉంది. బరంపురం వెళ్లే రోడ్డు పక్కన మా మామగారు పెట్టిన మోటారు షెడ్డు ఉంది. ఆయన లారీ మెకానిక్. పంట కోసిన పొలాల్లో పాత జీపులతో పందేలు కట్టేవారట. మా ఆయన మొదట మోటారు సైకిళ్లు, తర్వాత కార్లు, మట్టి ట్రాకుల మీద పరిగెత్తించారు. నడుము దెబ్బతిన్నాక మానేశారు. మా అబ్బాయి కిరణ్ మూడో తరం. పద్నాలుగో ఏట చిన్న కార్టు ఎక్కాడు, పంతొమ్మిదికల్లా చెన్నైలో, కోయంబత్తూరులో ఒక్క మనిషి పట్టే రేసు కార్లు నడిపాడు. షెడ్డులో ఒక గోడ నిండా ఫోటోలు, ఒక అరమర నిండా కప్పులు. ఆ గోడ మీదే మామగారు ఎర్ర ఎనామిల్ రంగుతో నాలుగు వరుసలు రాసి పోయారు. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచి ప్రతి విశ్వకర్మ పూజకీ ఆ నాలుగు వరుసల చుట్టూ పసుపు రాసి బొట్లు పెట్టేదాన్ని. దేవుడి పద్యమనుకునేదాన్ని. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. పందెం ముందు రోజు పొద్దు గూకాక, పందెం ముగిసేదాకా తోలేవాడు నీళ్లు ముట్టకూడదు. నోరు తడుపుకుని ఉమ్మేయాలి. తినడానికి ముర్రీలు, అంటే మరమరాలు, ఒక బెల్లం ముక్క. మనిషి తేలిగ్గా ఉంటే బండి ఎగురుతుందనీ, మందపాటి సూటు వేసుకుని కూర్చున్నాక మధ్యలో దిగే అవసరం రాకూడదనీ మామగారు అనేవారు. ఆ సాయంత్రం, తోలేవాడు ఎంత దూరంలో ఉన్నా, నీళ్ల బిందె మీద పళ్లెం బోర్లించి, దాని మీద నల్ల రాయి పెట్టే పని ఇంటి కోడలిది. అంటే నాది. పందెం అయ్యాక నడుము నొప్పికి రెండు మాత్రలు, పాలు లేని టీ. దగ్గర పందేలైతే ఇంటికొచ్చాక అవి అందించేదీ నేనే.

నా పుట్టిల్లు కవిటి దగ్గర. ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బు సంగతి ఈ వైపు వాళ్లకెవరికీ చెప్పక్కర్లేదు. మా పెదనాన్న దాంతోనే పోయాడు.

ఆ వేసవి

కోయంబత్తూరు పందేనికి నన్నూ తీసుకెళ్లారు. కొడుకు కారు నడపడం నేను చూసింది అదొక్కసారే. కార్లు కందిరీగల గుంపులా వచ్చి పోయేవి. ఏది నా కొడుకుదో నాకు తెలియలేదు. పక్కనున్నవాళ్లు చప్పట్లు కొడితే నేనూ కొట్టాను. రెండో స్థానం వచ్చింది.

దిగి వచ్చిన మనిషి మొహం ఉబ్బి ఉంది. కళ్ల కింద సంచులు. బూట్లు లాగితే రావట్లేదు.

“ఏటిరా ఇది?” అన్నాను.

“ఏటీ నేదమ్మా. ఎండ” అన్నాడు.

మా ఆయన మాత్రలు చేతిలో పెట్టి, “టీ తెచ్చీ, నిలబడిపోనావేటి?” అన్నారు నాతో. తెచ్చాను. ఆ తర్వాత మూడు నెలల్లో ఇంకో నాలుగు పందేలు చేశాడు. నాలుగుసార్లూ బిందె మీద రాయి నేనే పెట్టాను.

వానాకాలం

ఒకరోజు పొద్దున్న పెరట్లో కూలబడి లేవలేకపోయాడు. బరంపురం ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తం తీశారు, బొమ్మ తీశారు. డాక్టరు ఒడియాలో అడిగాడు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా అని. మా ఆయన నా వైపు చెయ్యి చూపించి, ఈవిడ పుట్టిల్లు ఉద్దానం సార్ అన్నారు. డాక్టరు తలూపి రాసుకున్నాడు. నీళ్లు ఎంత తాగుతాడని అడిగితే మామూలుగానే అన్నారు. నొప్పి మాత్రలు వాడతాడా అంటే ఎప్పుడో ఒకటి అన్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నాకు ఒడియా బాగా అర్థమవుతుంది. నోరు విప్పలేదు. చదువుకున్న మనుషులు రాసుకుంటున్నప్పుడు మధ్యలో మాట్లాడడం తప్పనుకునే రోజులవి.

రెండు కిడ్నీలూ పాడయ్యాయని చెప్పిన రోజు మా ఆడబిడ్డ ఇంటికొచ్చింది. వరండాలో కూర్చుని, నాకు వినపడేలాగే అంది. “మా వోల్ల రక్తంలో ఇలాటి జబ్బు నేదమ్మా. ఎక్కడినుంచి తెచ్చుకున్నామో ఊరందరికీ తెలుసు.”

తెచ్చుకున్నది నన్ను. మా ఆయన అక్కడే ఉన్నారు. స్పానరు తుడుచుకుంటూ కూర్చున్నారు.

నేను నమ్మాను. అదీ చెప్పాలి. నా రక్తమే నా బిడ్డను తినేసిందని, నేనే వాడికి విషం పెట్టి కన్నానని నమ్మాను. ఆ ఏడాదంతా వాడి మొహంలోకి సూటిగా చూడలేదు.

కార్తీకం నుంచి మాఘం దాకా

వారానికి మూడు రోజులు డయాలసిస్. పొద్దున్నే గిరిసోలలో బస్సెక్కి బరంపురంలో దిగేవాళ్లం. బయట వరండాలో కుర్చీలుండేవి. మొదటి రోజు నేనొక దానిలో కూర్చోబోతే చాప మీదున్న ఒకావిడ చెయ్యి పట్టి లాగింది.

“అందులో కూకోకప్పా! కాలు ఇరిగిపోనాది. నాను రెండుసార్లు పడ్డాను. మూడోసారి నవ్వడానికి ఇక్కడెవులికీ ఓపిక నేదు.”

ఆవిడ పేరు నూకాలు. అక్కా అనడానికి అప్పా అంటుంది. ఆర్యపల్లిలో చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. లోపలున్నది ఆవిడ మొగుడు. నీ వాడెవరు అని అడిగింది. కొడుకు అన్నాను. ఆవిడ చాప సగం దులిపి నా వైపు జరిపింది. తర్వాత నాలుగు నెలలూ ఆ సగం నాదే. నేను రాకముందు వేరేవాళ్లు కూర్చోబోతే “అది గిరిసోలప్పది” అని లేపేసేదట.

డయాలసిస్ మొదలయ్యాక నీళ్లు కొలిచి ఇవ్వమన్నారు. రోజుకి ఇంతే, అంతకు మించితే ఒళ్లు ఉబ్బుతుంది, ఊపిరి ఆడదు. మళ్లీ బిందె మీద పళ్లెం, పళ్లెం మీద రాయి. వాడు ఆ రాయినే చూస్తూ కూర్చునేవాడు.

“తాతకి ఇప్పుడు సంతోసమే కదమ్మా” అన్నాడు ఒకరోజు. “రోజూ పందెం ముందు రోజే.”

నాకు నవ్వు రాలేదు. వాడికీ రాలేదు.

ఈ మాట నూకాలుకి చెప్తే, “ఐసు ముక్క ఒకటి నోట్లో ఎయ్యి. నాలిక మోసపోతాది” అంది. అలాగే చేశాను. నా దగ్గర ఐసు లేని రోజు ఆవిడే, “చేపల ఐసు కాదులే, సోడా కొట్టుది” అని ఒట్టు పెట్టి మరీ గ్లాసులో తెచ్చేది. మాఘంలో ఆవిడ మొగుడు పోయాడు. తర్వాతి వారం వెళ్తే చాప ఉంది, ఆవిడ లేదు. చాప నాకిమ్మని వాచ్‌మన్‌కి చెప్పి వెళ్లిందట.

విశాఖ

కిడ్నీ మార్చాలన్నారు. విశాఖలో ఒక ఆసుపత్రికి వెళ్లి నేనూ మా ఆయనా పరీక్షలకి నిలబడ్డాం. ముందు ఆయన వెళ్లారు. రెండు రోజుల తర్వాత డాక్టరు గదిలోంచి ఒక్కరే బయటికొచ్చి, “నాది కలవనేదు. నీది సూద్దాం” అన్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కొడుక్కి ఇవ్వలేకపోయానన్న బాధ అనుకుని ఆయనకే ధైర్యం చెప్పాను.

నావి చూసి డాక్టరు, “చాలా బాగున్నాయమ్మా మీవి” అన్నాడు. ఉద్దానంలో పుట్టి, పద్దెనిమిదేళ్లు అక్కడి నీళ్లే తాగి పెరిగిన మనిషి కిడ్నీలవి. ఆ రోజు ఎవరూ ఉద్దానం మాట ఎత్తలేదు. మా ఆయన షెడ్డుకి ఫోను చేసి చెప్పడం విన్నాను. “దొరికీసింది. ఇంట్లోదే. కొత్తదాన్లా ఉన్నాదంట.” పాత బండి విప్పి కొత్త బండికి సామాను వేసేటప్పుడు ఆయన మాట్లాడే తీరు అది. ఆ రోజు నాకు తప్పుగా తోచలేదు. పనికొచ్చానని సంతోషించాను.

ఆపరేషనుకి ముందు ఒక గదిలో కొంతమంది పెద్దలు కూర్చుని ప్రశ్నలడిగారు.

“ఎవరైనా బలవంతం చేశారా అమ్మా?”

“నేదు బాబు.”

“మీ ఆయన ఎందుకు ఇవ్వట్లేదు?”

“ఆయనది కలవనేదంట.”

వాళ్లు కాగితంలో చూసుకుని తలూపారు. ఆ కాగితంలో ఏముందో నాకు తప్ప ఆ గదిలో అందరికీ తెలుసు. నేను వేలిముద్ర వేశాను.

ఆపరేషను సంగతి ఎక్కువ రాయను. మెలకువ వచ్చాక దగ్గు వస్తే ప్రాణం పోయినట్టుండేది. కిరణ్‌కి నాది పని చేసింది. వాడు మొదటిసారి గ్లాసుడు నీళ్లు నిండుగా తాగాడని నర్సు వచ్చి చెబితే, కుట్లు లాగుతున్నా ఏడ్చాను. మా ఆయన నాలుగో రోజు షెడ్డు చూసుకోవాలని వెళ్లిపోయారు. మా అమ్మాయి జ్యోతి మాతో ఉండిపోయింది. ఆసుపత్రి వెనక అద్దె గదిలో మూడు నెలలు. కిరణ్ మాత్రలు గంట తప్పకూడదు. జ్యోతి బజారుకెళ్లినప్పుడు నేనే ఇవ్వాలి. ఇచ్ఛాపురం బడిలో చదువుకున్న పిల్ల కనుక పెట్టెల మీద తెలుగులో చీటీలు అంటించి నాకు నేర్పడం మొదలెట్టింది.

“ఇది ‘పొ’ అమ్మా. పొద్దున్న. సూడు, పొట్ట ఉన్నాది కదా.”

“నా పొట్టలాగా కుట్లు నేవు గదే దీనికి.”

“ఏసాలు ఆపి సదువు.”

అలా పొద్దున్నతో మొదలై రాత్రి దాకా వచ్చాను. తర్వాత పేపరు. తర్వాత నా పేరు.

వెళ్లిపోయే ముందు డాక్టరు నాకు జాగ్రత్తలు చెప్పాడు. ఒక్క కిడ్నీతో ఉన్నావు, నీళ్లు బాగా తాగు, నొప్పి మాత్రలు ముట్టుకోకు అన్నాడు. అప్పుడు నా నోరు తెరుచుకుంది. మావాడు పందెం ముందు నీళ్లు ముట్టేవాడు కాదు బాబూ, అయ్యాక నొప్పి మాత్రలు వేసేవాడు, ఎనిమిదేళ్లు అలాగే చేశాడు అని చెప్పాను. ఆయన కలం కింద పెట్టేశాడు. “ఈ మాట మాకెవరూ చెప్పలేదే” అన్నాడు. అదొక్కటే కారణమని నేను రాసివ్వలేను గాని, ఇంట్లో ఇంకెవరైనా అలా చేస్తుంటే ఈ రోజే ఆపించండి అన్నాడు.

తిరిగొచ్చాక

ఇంటికొచ్చి ఆ మాట మా ఆయనకి చెప్పాను. ఆయన నవ్వారు.

“మా నాన్న అలాగే తోలేడు. నాను ఇరవయ్యేళ్లు అలాగే తోలేను. మాకేటైనా అయిందా? గుండ్రాయిలా ఉన్నాను సూడు.”

నిజంగానే గుండ్రాయిలా కనిపిస్తున్నారు. మళ్లీ తప్పు నా రక్తానికే వచ్చింది.

కిరణ్ ఇక పందేలు చేయకూడదన్నారు. వాడు ఇంజన్ల పనిలో పడ్డాడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. ఖాళీ అయిన సీటు వైపు మా ఆయన కొన్నాళ్లు చూసి, జ్యోతిని కూర్చోబెట్టారు. ఆడపిల్ల తోలితే పేపర్లో వేస్తారని చుట్టాలు నవ్వారు గాని, పిల్ల బాగా తోలుతుంది. అన్న కంటే మలుపులో ధైర్యం ఎక్కువని కిరణే అన్నాడు. పందెం మానమని నేను అనలేదు. దాని మొహంలో ఆ వెలుగు చూశాక అనలేను.

విశ్వకర్మ పూజ వచ్చింది. పసుపు గిన్నె పట్టుకుని గోడ ముందు నిలబడ్డాను. ఈసారి ఎర్ర వరుసలు నాతో మాట్లాడాయి. బండిని తల్లిలా చూడు. ముందున్నవాడిని తిట్టకు. మూడోది, పందెం ముందు పొద్దు గూకాక నీళ్లు ముట్టకు. నాలుగోది, ఓడితే కారణం చెప్పకు.

ముప్పై ఏళ్లుగా నేను బొట్టు పెట్టింది దీనికి. చెయ్యి ఆగిపోయింది. వెనక నుంచి మా ఆయన, “ఆలస్యం చేస్తన్నావేటి, బొట్టు పెట్టు” అన్నారు. పెట్టాను. చదవడం వచ్చాక కూడా పెట్టాను. ఈ కథలో నాకు అన్నిటికంటే సిగ్గు కలిగించేది అదే.

మొన్నటి సాయంత్రం

భువనేశ్వర్ అవతల మట్టి ట్రాకు మీద జ్యోతికి మొదటి పెద్ద పందెం. కిరణ్ కారుతో లారీలో ముందే వెళ్లాడు. జ్యోతీ మా ఆయనా మర్నాడు పొద్దున్న బయల్దేరాలి. పొద్దు గూకగానే అలవాటుగా బిందె మీద పళ్లెం బోర్లించి రాయి పెట్టేశాను. ఆ తర్వాత జ్యోతి తన ఆధార్ కాగితం కావాలంటే మా ఆయన రేకు పెట్టె తెరిచాను.

అడుగున మడత పెట్టిన తెలుగు కాగితం ఒకటి కనిపించింది. విశాఖ ఆసుపత్రిది. కిడ్నీ జబ్బు ఉన్నవారు తీసుకోవలసిన జాగ్రత్తలు అని ఉంది. ఉప్పు తగ్గించాలి. నొప్పి మాత్రలు పూర్తిగా మానాలి. మూడు నెలలకోసారి రక్త పరీక్ష. కిరణ్‌దే అనుకున్నాను. పైన పేరు అని రాసిన చోట కలంతో ఒక పేరు ఉంది. సిం. హా. చ. లం.

పెళ్లయినప్పటి నుంచి నేను ఆ పేరు పలకలేదు. మావైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. ఆ రోజు నాలుగు అక్షరాలూ వేలు పెట్టి, పైకే చదివాను. కింద తారీఖు నా పరీక్షలకు ముందు రోజుది.

ఆయన వరండాలో ముర్రీలు తింటున్నారు. కాగితం ముందు పెట్టాను.

“ఇదెవులిది?”

“కిరణ్ గాడిదయ్యుంటాది. లోపలెట్టీ.”

“పేరు సదివేను.”

“ఎవులు సదివేరు?”

“నానే. సింహాచలం అని రాసున్నాది.”

ముర్రీల గిన్నె పక్కన పెట్టేశారు. గదిలోంచి జ్యోతి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“కలవనేదన్నారు కదా” అన్నాను. “పాడైపోనాయని సెప్పలేదేటి?”

“సెప్తే ఏటవుతాది? నువ్వు ఇయ్యడం మానీసీదానివా?”

“మానను. తెలిసినా ఇద్దును. గాని ఉద్దానం అన్నారు. నా పుట్టింటోల్లని, నన్నూ అన్నారు.”

“నానన్నానా? అందరూ అన్నారు.”

“మీరు ఊరుకున్నారు.”

ఆయన గుమ్మం వైపు చూశారు. తర్వాత గొంతు తగ్గించి, జ్యోతికి వినిపించకూడదన్నట్టు అన్నారు. “నన్నేటి సెయ్యమంటావు? మా నాన్న మాట తప్పని సెప్పమంటావా? కొడుకు దగ్గరికెల్లి, నీ జబ్బు నానే ఇచ్చేన్రా అని సెప్పమంటావా? ఆ మాట సెప్పీసినాక ఈ షెడ్డులో ఇంకేటి మిగుల్తాది?”

“మరి మాకేటైనా అయిందా అన్నారే. గుండ్రాయన్నారే. ఆ మాట నమ్మే కదా ఈ పిల్ల గుంట నీళ్లు మానీసింది.”

ఆయన లేచారు. “రేపు పందెం. దాన్ని కంగారు పెట్టకు” అని షెడ్డు వైపు వెళ్లిపోయారు. ఆ నడకలో నడుము పట్టుకోవడం చూశాను. ఇంకా ఆ మాత్రలే మింగుతున్నారని అప్పుడు తట్టింది. కోపంతో పాటు భయం కూడా వేసింది. అది నాకు నచ్చలేదు, ఒక్క పూటైనా ఉత్త కోపంతో ఉండాలనిపించింది.

జ్యోతి నా వైపు చూసింది, బిందె వైపు చూసింది. నాలుకతో పెదాలు తడుపుకుంది. “రేపొక్కరోజుకి ఏటీ అవదులేమ్మా” అని వెళ్లి పడుకుంది. నీళ్లు ముట్టలేదు. తండ్రి అబద్ధం చెప్పాడని తెలిశాక కూడా ముట్టలేదు. కిరణూ ఇలాగే అనేవాడు, ఒక్క రోజుకి ఏటీ అవదని.

మర్నాడు పొద్దున్న

తెల్లవారుతుండగా లేచాను. బిందె మీది రాయి తీసి బయటికి తీసుకెళ్లి, షెడ్డు ముందున్న పాత జీపు టైరుకి అడ్డంగా వేశాను. పూజకి వెల్ల వేయగా మిగిలిన సున్నం డబ్బాలో ఉంది. నీళ్లు కలిపి, కుంచె తీసుకుని, మూడో వరుస మీద వేశాను. మిగతా మూడూ ముట్టుకోలేదు, అవి మంచి మాటలే. ఎర్రటి అక్షరాలు సున్నంలోంచి మళ్లీ కనిపించాయి. ఇంకో పూత వేశాను. నీళ్లు అనే మాట ఇంకా కనిపిస్తోంది. మూడో పూత వేస్తుంటే కుట్ల చోట లాగింది, కాస్త ఆగి వేశాను.

మా ఆయన ఎప్పుడు వచ్చారో స్టూలు మీద కూర్చుని ఉన్నారు. జ్యోతి హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చి గోడ చూసి ఆగిపోయింది.

“ఏటమ్మా, పొద్దున్నే సున్నం?”

చెంబు నిండా నీళ్లు ముంచి ఇచ్చాను. “తాగు.”

“నాన్న...”

“నాన్నకీ తెచ్చేను.” ఆయన ముందు గ్లాసు పెట్టి, దాని కింద ఆ కాగితం పెట్టాను.

ఆయన గ్లాసు వైపు చూడలేదు. గోడ వైపే చూస్తూ, “ఆరినాక మళ్లీ కనిపిస్తాది. ఎనామిల్ అది” అన్నారు.

“కనిపిస్తే మళ్లీ ఏస్తాను.”

జ్యోతి మా ఇద్దరినీ చూసింది. హెల్మెట్ జీపు మీద పెట్టి, చెంబు రెండు చేతులా పట్టుకుని, ఊపిరి తీసుకోకుండా తాగింది. సూటు మెడ మీదికి నీళ్లు కారాయి. ఖాళీ చెంబు నా ముందుకు చాపింది.

“ఇంకొంచెం పొయ్యమ్మా” అంది.

పోశాను.